టికెట్‌లో వెనిస్, ఓడ ఎక్కేది రవెన్నాలో

ఈసారి ఉత్తరం రాసిన పాఠకురాలు తన పేరు, ఊరు రాయవద్దన్నారు. ఉత్తరం చాలా వివరంగా ఉంది. క్లుప్తంగా చెబితే విషయం ఇదీ.

నాన్నగారికి డెబ్బై ఏళ్లు నిండుతున్నాయని ఆమె సెప్టెంబరులో ఏడు రాత్రుల క్రూయిజ్ బుక్ చేశారు. తను, భర్త, కాలేజీలో చదివే కూతురు, అమ్మానాన్నలు, అత్తమామలు, తమ్ముడు, మొత్తం ఎనిమిది మంది. వెనిస్‌లో ఓడెక్కి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్, గ్రీకు దీవులైన శాంటోరిని, మైకొనోస్ చూసుకుని ఏథెన్స్ దగ్గర పిరేయస్‌లో దిగాలన్నది ప్లాన్. నాన్నగారి కోరిక మాత్రం ఒక్కటే. ఓడ పైడెక్ మీద నిలబడి వెనిస్‌లోని సాన్ మార్కో గంట గోపురాన్ని చూడాలి. ఆయన స్నేహితుడు ఒకప్పుడు అలా వెళ్తూ తీసిన ఫొటో ఇప్పటికీ ఆయన బీరువా తలుపుకి అతికించి ఉందట.

డిపాజిట్ కట్టిన తర్వాత అసలు విషయాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. టికెట్‌లో వెనిస్ పక్కన చిన్న అక్షరాల్లో రవెన్నా అని ఉంది. అది వెనిస్‌కి బస్సులో రెండు గంటల పైన పట్టే దూరం. ఆ తర్వాత కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. రేవుల్లో పెట్టిన పరిమితుల వల్ల శాంటోరిని తీసేసి గ్రీస్‌లోనే కటాకొలోన్ అనే రేవు పెట్టామని, డుబ్రోవ్నిక్‌కి ఉదయం బదులు మధ్యాహ్నం చేరుతుందని. తమ్ముడేమో ఇది మోసం, కేన్సిల్ చేసి కేసు వేద్దాం అంటున్నాడు. భర్త మాత్రం పెద్దవాళ్లకి ఏమీ చెప్పకు, అక్కడికి వెళ్లాక సర్దుకుంటారు అంటున్నారు. ఖర్చులో సగం పెడుతున్న మామయ్యగారు "ఏమీ కనుక్కోకుండా బుక్ చేసేశావా?" అన్నారు. ఆ ఊళ్లవాళ్లే రావద్దంటుంటే మనం ఎందుకు వెళ్లడం అని కూతురు నిలదీస్తోంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మిగతా డబ్బు కట్టడానికి ఇంకా ఐదు వారాలే ఉంది. వెళ్లాలా, మానాలా, నాన్నకి చెప్పాలా, కూతురికి ఏం జవాబివ్వాలి అని అడుగుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదని కూడా రాశారు.

ముందు మీ మామయ్యగారి మాట సంగతి చూద్దాం. ఆ మాటని మీరు ఉత్తరంలో మూడు చోట్ల రాశారు, అంటే అది ఎంత గుచ్చుకుందో తెలుస్తూనే ఉంది. వెనిస్ అని పెద్దగా వేసి అసలు రేవు పేరు చిన్నగా వేయడం మీరు బుక్ చేసిన కంపెనీ ఒక్కదానికే ఉన్న అలవాటు కాదు. చూసినవాళ్లు ఎవరైనా వెనిస్ అనే చదువుతారు. మీరు అజాగ్రత్తగా ఉన్నారని నేను అనుకోవడం లేదు. ఆయన కూడా డబ్బు పెట్టిన మనిషిగా కంగారుపడి ఉంటారు. మార్పులన్నీ ఒక కాగితం మీద రాసి, ఏ దారికి ఎంత ఖర్చో పక్కన వేసి ఆయన చేతిలో పెట్టండి. లెక్క కళ్లముందు ఉంటే మాటలో వేడి తగ్గుతుంది.

ఇక వెనిస్. మీ నాన్నగారి స్నేహితుడు చూసింది నిజమే. అప్పట్లో పెద్ద ఓడలు లీడో దీవి దగ్గర సముద్రంలోంచి లోపలికి వచ్చి, సాన్ మార్కో ముందు నుంచి జుదెక్కా కాలువ మీదుగా ఊరి పడమటి అంచున ఉన్న టెర్మినల్‌కి వెళ్లేవి. ఇళ్ల కప్పులకన్నా ఎత్తున ఓడ కదులుతూ పోయేది. ఓడలో ఉన్నవాళ్లకి అద్భుతంగా ఉండేది, ఒడ్డున ఉన్నవాళ్లకి గుండెల్లో గుబులు. 2012లో ఇటలీ తీరంలోనే జీలియో దీవి దగ్గర కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ ఒరిగిపోయి 32 మంది చనిపోయాక ఆ భయం ఇంకా పెరిగింది. 2019 జూన్ 2న అదుపు తప్పిన ఒక భారీ ఓడ అదే జుదెక్కా కాలువలో గట్టునీ, గట్టు పక్కన ఆగి ఉన్న పర్యాటక పడవనీ గుద్దింది. కొందరికి గాయాలయ్యాయి. చివరికి ఇటలీ ప్రభుత్వం 2021 ఆగస్టు 1 నుంచి 25,000 గ్రాస్ టన్నులు దాటిన ఓడల్నీ, 180 మీటర్ల కంటే పొడవైనవాటినీ, నీటిమట్టం నుంచి 35 మీటర్ల ఎత్తు మించినవాటినీ ఆ దారిలోకి రానివ్వడం ఆపేసింది. అలా ఆగిన ఓడలు మార్గేరా పారిశ్రామిక రేవుకి, ట్రియెస్టెకి, రవెన్నాకి సర్దుకున్నాయి.

మీరు బుక్ చేసిన ఓడ దాదాపు 90,000 టన్నులని రాశారు. కాబట్టి ఈ కంపెనీ వదిలేసి ఇంకో కంపెనీకి మారినా, ఇంకో నెలకి మార్చుకున్నా, అంత పెద్ద ఓడ డెక్ మీద నుంచి ఆ దృశ్యం ఎవరికీ దొరకదు. ముందుగా మీ మనసు ఒప్పుకోవాల్సింది ఇదే. మిగతావన్నీ ఏదో రకంగా సర్దుకోవచ్చు, ఇది మాత్రం సర్దుబాటయ్యేది కాదు.

అందుకే నాన్నగారికి చెప్పొద్దన్న మీవారి సలహాతో నేను ఏకీభవించలేను. ఆయన ఉద్దేశం మంచిదే, పెద్దాయన బాధపడకూడదని. కానీ చెప్పకపోతే జరిగేది ఊహించండి. విమానం దిగాక బస్సు గంటల తరబడి వెళ్తూనే ఉంటుంది. వెనిస్ ఏదమ్మా అని ఆయన అడుగుతారు. చివరికి ఇంకేదో ఊరి రేవులో దిగుతారు. తన పుట్టినరోజు ప్రయాణంలో అందరికీ తెలిసిన సంగతి తనకి ఒక్కడికే తెలియదని ఆయనకి అక్కడ తెలుస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషికి ఓడ దారి మారిందన్న వార్త తట్టుకోలేనంతది కాదు. తన దగ్గర దాచారన్నదే ఎక్కువ నొప్పి. ఇప్పుడే చెబితే ఆయనకి ఎంచుకునే వీలుంటుంది. అయితే వట్టి చేతులతో వెళ్లి చెప్పకండి. చేతిలో ఇంకో దారి పెట్టుకుని చెప్పండి.

ఆ దారి ఉంది. ఓడ బయలుదేరే ముందు రెండు రాత్రులు వెనిస్‌లో ఉండండి. అక్కడ నీటి మీద బస్సుల్లా తిరిగే పడవల్ని వపొరెట్టో అంటారు. వాటిలో 2వ నంబరు పడవ జుదెక్కా కాలువ మీదుగానే సాన్ మార్కో పక్కనున్న సాన్ జక్కారియా స్టాపు దాకా వెళ్తుంది. ఒకప్పుడు పెద్ద ఓడలు వెళ్లిన కాలువే అది. మరి పైడెక్ ఎత్తు సంగతంటారా? అదే పడవ సాన్ జోర్జియో మజ్జోరే దీవి దగ్గర ఆగుతుంది. అక్కడి చర్చి గంట గోపురానికి లిఫ్ట్ ఉంది. పైకెళితే ఎదురుగా నీళ్లు, నీళ్లకవతల సాన్ మార్కో గోపురం, డ్యూకుల భవనం. మీ నాన్నగారి ఫొటోలో ఉన్న దృశ్యానికి చాలా దగ్గరగా ఉంటుంది, పైగా ఓడలో అయితే కదిలిపోతూ చూడాలి, ఇక్కడ నిదానంగా చూడొచ్చు. అమ్మగారి మోకాళ్ల కోసం ఒక జాగ్రత్త. వెనిస్‌లో వంతెనలు నాలుగు వందల పైనే ఉన్నాయి, చాలావాటికి మెట్లు. హోటల్ గది చౌకగా వస్తోందని లోపలి సందుల్లో తీసుకోకండి. వపొరెట్టో స్టాపు నుంచి వంతెన దాటకుండా వెళ్లగలిగేదే చూడండి, బుక్ చేసే ముందు ఆ ప్రశ్న హోటల్‌కి రాసి అడగండి.

ఖర్చు పెరుగుతుంది, కాదనను. ఎనిమిది మందికి రెండు రాత్రుల హోటల్, అక్కడి నుంచి రవెన్నా రేవుకి వాహనం. అందరూ వెళ్లక్కర్లేదు కూడా. మీరు, అమ్మానాన్నలు ముందు వెళ్లి, మిగతావాళ్లు నేరుగా రేవు దగ్గర కలవొచ్చు. అత్తమామలకి ఆసక్తి ఉందో లేదో వాళ్లనే అడగండి, వాళ్ల తరఫున మీరు ఊహించుకోవద్దు. అన్నట్టు రవెన్నాని రేవుగానే చూసి తీసిపారేయకండి. అక్కడి పాత చర్చిల్లోని మొజాయిక్‌లు యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి. అక్కడి సాన్ విటాలే చర్చిలో తల పైకెత్తి చూసినవాళ్లు ఆ బంగారు, ఆకుపచ్చ రంగుల్ని మర్చిపోరు.

శాంటోరిని విషయం వేరు. అక్కడ ఓడని నిషేధించలేదు, చోటు చాలలేదు. సీజన్ ముదిరిన రోజుల్లో ఒక్కరోజులో 17,000 మంది దాకా క్రూయిజ్ ప్రయాణికులు దిగిన సందర్భాలున్నాయి. ఆ దీవిలో శాశ్వతంగా ఉండే జనాభాయే పదిహేను వేల చిల్లర. అందుకని 2025 నుంచి రోజుకి 8,000 మంది అని గీత గీశారు. ఓడలకి చోటు ముందుగానే కేటాయిస్తారు. ఉదాహరణకి ఒకరోజున 4,000 మందితో ఒక ఓడ, 3,000 మందితో మరొకటి ఇప్పటికే ఉంటే, 2,000 మందితో వచ్చే మీ ఓడకి ఆ రోజు వీలుకాదు. మర్నాటికి మారుద్దామంటే ఏడు రాత్రుల ప్రయాణంలో దిగే రోజు కదలదు, ఎందుకంటే అదే రోజు అదే ఓడ ఎక్కడానికి తర్వాతి బ్యాచ్ రేవులో నిలబడి ఉంటుంది. ఇక కంపెనీ చేతిలో మిగిలేది ఊరు మార్చడమే. కటాకొలోన్ అలా వచ్చింది.

ఇక్కడ ఒక్కసారి అమ్మగారి వైపు నుంచి చూడండి. శాంటోరినిలో పెద్ద ఓడలు ఒడ్డుకి రావు. నీటిలో ఆగుతాయి, అక్కడి నుంచి చిన్న పడవల్లో పాత రేవుకి తెస్తారు. ఊగే పడవలోకి అడుగు వేయాలి. రేవు నుంచి పైన ఫిరా ఊరికి కేబుల్ కార్ ఉంది, రద్దీ రోజున దానికి పొడుగాటి క్యూ. అది వద్దంటే దాదాపు ఆరు వందల మెట్లు. కటాకొలోన్‌లో ఓడ నేరుగా గట్టుకి ఆనుకుంటుంది, దిగి బస్సెక్కి ప్రాచీన ఒలింపిక్స్ జరిగిన ఒలింపియాకి వెళ్లొచ్చు. శాంటోరిని ఫొటోల అందం అక్కడ ఉండదు. కానీ మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి ఆ రోజు హాయిగా గడుస్తుంది. శాంటోరిని చూడాలన్న పట్టుదల ఎవరిదో ఉత్తరంలో మీరు రాయలేదు. మీదైతే, అమ్మాయిదైతే, ప్రయాణం పిరేయస్‌లోనే ముగుస్తోంది కదా. అక్కడి నుంచి ఫెర్రీలో గానీ, ఏథెన్స్ నుంచి ముప్పావుగంట విమానంలో గానీ వెళ్లి రెండు రోజులు ఉండి రావచ్చు. పెద్దవాళ్లని తమ్ముడు తీసుకొస్తాడు.

డుబ్రోవ్నిక్ గురించి అంత బెంగ వద్దు. 2019 నుంచి అక్కడ ఒకేసారి రెండు ఓడలు, మొత్తం నాలుగు వేల మంది ప్రయాణికులకి మించకుండా సర్దుతున్నారు కాబట్టి మీకు మధ్యాహ్నం వంతు పడింది. ఓడ మళ్లీ ఎన్నింటికి బయలుదేరుతుందో మాత్రం కనుక్కోండి. రాత్రి దాకా ఉంటే మంచిదే, రాతి గోడల మధ్య ఎండ తగ్గాక పెద్దవాళ్లు నడవగలరు. మూడు గంటలకే పరిమితమైతే కోట లోపలికి వెళ్లి రావడం కష్టం, అప్పుడు గోడల బయట కూర్చుని చూసి రావడమే మేలు.

కేన్సిల్ చేసే దారి కూడా నిజమైన దారే. క్రూయిజ్ కంపెనీల టికెట్ ఒప్పందాల్లో రేవుల్ని, వేళల్ని మార్చుకునే హక్కు కంపెనీకే ఉంటుంది. రవెన్నా పేరు చిన్నగా అయినా ముందే వేశారు. అందువల్ల మీ తమ్ముడు అనుకున్నంత గట్టిగా కేసు నిలబడుతుందని నేననుకోను. కానీ మీరు ఏ దేశంలో బుక్ చేశారన్నది ముఖ్యం, అది ఉత్తరంలో లేదు. యూరోపియన్ యూనియన్‌లో గానీ, బ్రిటన్‌లో గానీ ప్యాకేజీగా కొని ఉంటే, బయలుదేరక ముందే ప్రయాణంలో ముఖ్యమైన మార్పు చేస్తే పెనాల్టీ లేకుండా రద్దు చేసుకునే హక్కు అక్కడి చట్టం ఇస్తుంది. ఒక్క ఊరు మారడం ముఖ్యమైన మార్పా కాదా అన్న దానిపై వాదన ఉంటుంది, అయినా అడగాల్సిందే. మెయిల్‌లో జవాబుకి గడువు ఇచ్చారేమో చూడండి. గడువులోగా మాట్లాడకపోతే మీరు ఒప్పుకున్నట్టు తీసుకోవచ్చు. ఇతర దేశాల్లో కొని ఉంటే మిగతా డబ్బు కట్టకముందే నిర్ణయించుకోవాలి. ఇప్పుడైతే సాధారణంగా పోయేది డిపాజిట్, ఆ తేదీ దాటాక కోత వారం వారం పెరుగుతూ పోతుంది. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి, రేవు మారినందుకు మామూలు పాలసీలు రద్దు ఖర్చులు ఇవ్వవు.

తమ్ముడి కోపాన్ని వృథా పోనివ్వకండి. కంపెనీతో మాట్లాడే పని అతనికే అప్పగించండి. గ్రీస్ 2025 జూలై నుంచి క్రూయిజ్ ప్రయాణికుల మీద రుసుము పెట్టింది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా శాంటోరినికి, మైకొనోస్‌కి తలకి 20 యూరోలు, మిగతా రేవులకి 5. శాంటోరిని రుసుము మీ బిల్లులో ముందే కలిపి ఉంటే తలకి 15 యూరోల తేడా, ఎనిమిది మందికి 120 యూరోలు వెనక్కి రావాలి. దాంతోపాటు ఓడలో ఖర్చుపెట్టుకునేందుకు క్రెడిట్ ఇమ్మని అడగవచ్చు. అడిగినవాళ్లకి ఇస్తుంటారు, అడగనివాళ్లకి ఎవరూ పిలిచి ఇవ్వరు.

ఇంకో దారి చిన్న ఓడ. బరువు, పొడవు, ఎత్తు పరిమితులన్నిటికీ లోబడే చిన్న ఓడలు ఇప్పటికీ వెనిస్ లోపలికి వెళ్లగలవు. నాన్నగారి కోరిక అక్షరాలా తీరేది అక్కడే. కానీ చార్జీ బాగా ఎక్కువ, ఎనిమిది మందికి అంటే కుటుంబం మోయలేనంత కావచ్చు. పైగా అలలకి చిన్న ఓడ ఎక్కువ ఊగుతుంది, లిఫ్ట్ సౌకర్యం ఓడని బట్టి ఉంటుంది. అమ్మానాన్నలు ఇద్దరినే ఇంకెప్పుడైనా పంపాలంటే ఆలోచించదగ్గదే. అందరూ కలిసి ఉండటమే ముఖ్యమైతే ఇది పొసగదు.

నన్ను అడిగితే ఈ బుకింగ్ ఉంచుకుని వెనిస్‌ని ముందు కలుపుకోవడమే నాకు నచ్చింది. సామాను ఒక్కసారే విప్పుకుని ఏడు రోజులూ ఒకే గదిలో ఉండటం, ఓడలో డాక్టరు అందుబాటులో ఉండటం నలుగురు పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకి చిన్న విషయం కాదు. అయినా నాన్నగారు విన్నాక వెనిస్ ఒక్కటి చాలమ్మా, ఓడ వద్దు అంటే, ఆ మాటకి విలువ ఇవ్వండి. ఆయన పుట్టినరోజు అది.

మీ అమ్మాయి ప్రశ్నని మీరు ఉత్తరం చివర్లో కాస్త విసుగ్గా రాశారు. నాకు మాత్రం ఇల్లంతట్లో అత్యంత శ్రద్ధగా ఆలోచిస్తున్నది ఆమే అనిపించింది. ఆ పిల్లని తోసిపుచ్చకండి. తమ వీధుల్లో ఎంతమంది పడతారో చెప్పే హక్కు ఆ ఊళ్లవాళ్లకి ఉందని నేను గట్టిగా నమ్ముతాను. కానీ వాళ్లంతా ఒకే గొంతుతో రావద్దంటున్నారన్నది నిజం కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్ ఊరివాళ్లు 2022లో ఓటేసి రోజుకి వెయ్యి మంది ఓడ ప్రయాణికులు చాలన్నారు, అదే ఊరి వ్యాపారులు దాని మీద కోర్టుకెక్కారు. అలాస్కాలోని జూనోలో 2024 నుంచి రోజుకి ఐదు పెద్ద ఓడలే. అయినా శనివారాలు అసలు పెద్ద ఓడలే వద్దన్న ప్రతిపాదనని అదే ఏడాది ఓటర్లు తిరస్కరించారు. ఫ్లోరిడాలో కీ వెస్ట్ జనం 2020లో పెద్ద ఓడలు వద్దని ఓటేస్తే మరుసటి ఏడాది రాష్ట్ర ప్రభుత్వం దాన్ని కొట్టేసింది. ఒక్కో ఊరిలో ఒక్కో పేచీ. హోటల్ నడిపే మనిషికీ, ఓడ పొగ కింద పిల్లల్ని పెంచే మనిషికీ ఒకే అభిప్రాయం ఉండదు.

పరిమితి పెట్టిన ఊరికి ఆ పరిమితికి లోబడి వెళ్లడం తప్పు కాదు. 8,000 మంది దాకా రండి అన్నది పిలుపే. అమ్మాయి ఇంకో విషయం అడగొచ్చు, అడిగితే దాటేయకండి. శాంటోరిని వద్దన్న ఓడ ఇంకెక్కడికో పోతుంది, మీది కటాకొలోన్‌కి పోయినట్టు. భారం తీరలేదు, పక్కకి జరిగింది. ఇది నిజంగా బాధ్యతగా ఆలోచించాల్సిన సంగతి, దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు. వెనిస్ నగరం 2024 నుంచి వసంతంలో, వేసవిలో కొన్ని తేదీల్లో పగటిపూట వచ్చి పోయేవాళ్ల దగ్గర 5 యూరోల నుంచి రుసుము తీసుకుంటోంది, రాత్రి బస చేసేవాళ్లని అందులోంచి మినహాయించింది. దాన్ని బట్టి ఆ ఊరు ఎలాంటి అతిథిని కోరుకుంటోందో తెలుస్తుంది. రెండు రాత్రులు ఉండి అక్కడే తిని, అక్కడి పడవలెక్కే ప్లాన్‌ని అమ్మాయినే వేయమనండి. ఏ పూట ఏ వీధి ఖాళీగా ఉంటుందో వెతికి పెట్టే ఓపిక ఆ వయసుకే ఉంటుంది. అప్పటికీ తను రానంటే బలవంతం చేయకండి, తాతగారితో తనే మాట్లాడనివ్వండి.

చివరగా ఒక పని, ఇది ఈ వారమే చేయాలి. ఇటలీ, క్రొయేషియా, గ్రీస్ మూడూ ఒకే వీసాతో తిరగగలిగే షెంజెన్ దేశాల కూటమిలో ఉన్నాయి కాబట్టి మీ ఏజెంటు ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసా చాలని చెప్పి ఉండొచ్చు. కానీ రేవులు ఒకసారి మారాయంటే మళ్లీ మారవచ్చు. మాంటెనెగ్రోలోని కోటోర్ గానీ, టర్కీలోని కుషాదాసి గానీ మధ్యలో వచ్చిందంటే షెంజెన్ దాటి తిరిగి లోపలికి వచ్చినట్టు లెక్క. వీసా కావాల్సిన పాస్‌పోర్టులు ఎవరెవరివో చూసుకుని, వాళ్లందరికీ మల్టిపుల్ ఎంట్రీకే దరఖాస్తు చేయండి. కొత్త రూట్ కాగితాన్ని దరఖాస్తుతో జతచేయండి, పాతది కాదు.